అన్నదమ్ములను మ్రింగిన జబ్బు – డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

ఉగాది సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయుమని మన సంఘము పెద్దలు నన్ను అడిగినప్పుడు నేను కొంత సంకోచించితిని. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, రైల్వేలో గుమాస్తాగా చేరి, సరకుల రిజిస్టర్లు వ్రాసికొనుచున్న వాడను. కాని ఒక మహనీయుని జీవితమును గురించి నాకు చేతనైన మాటలలో చెప్పవలెనని చాలకాలముగా కోరిక గలదు. ఆయన మనవలెనే పుట్టిన ఊరు విడిచి దూరదేశమునకు పోయిన తెలుగువారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పినవారు. ఆయనే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ కోరికకు వేరొక కారణము కూడ గలదు. మా మేనమామగారు కొన్నేండ్ల క్రిందట పెద్దప్రేగు క్యాన్సరుతో కాలము చేసిరి. ఆ సంగతి చివర మనవి చేసికొందును. ఆయన పోయిన తరువాతనే, ప్రేగులలో ఏమి జరుగును, ఎందుకు జరుగును అని తెలిసికొనుటకై నేను పుస్తకములు వెదకితిని. వెదకిన ప్రతి దారిలోను ఏదో యొక మలుపున సుబ్బారావుగారి పేరు ఎదురైనది. అందుచేత ఆయన కథ నాకు ఒక గొప్పవాని కథగా మాత్రమే గాక, మా ఇంటి కథగా కూడ తోచినది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఇంటినిండ పిల్లలు, చాలీచాలని రాబడి. బాలుడు చదువుమీద కంటె సంపాదనమీదనే మనసు పెట్టెను. పదమూడేండ్ల వయస్సున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడనగుదునని చుట్టముల పిల్లవానితో ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. చదువు విషయములో ఆమె పట్టుదల అట్టిది. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. ఆ మూడవసారి చదివినది మద్రాసు హిందూ హైస్కూలులో. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా సన్యసించి రామకృష్ణ మిషనులో చేరవలెనని తలంచిరి. తల్లి అంగీకరింపలేదు. అచ్చటి పెద్దలు కూడ, వైద్యము నేర్చి జనులకు సేవ చేయుమని హితవు చెప్పిరి. ఆ విధముగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి.

కళాశాల ఖర్చులకు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు తోడ్పడిరి. 1919లో వారి కుమార్తె శేషగిరిగారితో సుబ్బారావుగారికి వివాహమైనది. అవి గాంధీమహాత్ముని పిలుపుపై విదేశీ వస్త్రములను విడుచుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలో గూడ ఖద్దరు దుస్తులే ధరించిరి. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయాచార్యునికి ఇది కంటగింపైనది. వ్రాతపరీక్షలలో బాగుగా నెగ్గినప్పటికిని ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుటకు చేరిరి.

ఈ నడుమ ఆ ఇంటిమీద పిడుగు పడినది. సుబ్బారావుగారి అన్న పురుషోత్తముగారు, తమ్ముడు కృష్ణమూర్తిగారు ఎనిమిది దినముల వ్యవధిలో ఒకరి వెంట ఒకరు చనిపోయిరి. ఇద్దరిని పొట్టను పెట్టుకొన్నది ఒకే జబ్బు. దానిని ఇంగ్లీషు వైద్యులు ట్రాపికల్ స్ప్రూ అందురు. మనవారు గ్రహణి, సంగ్రహణి అని చెప్పుకొను జబ్బులలో ఇదియు చేరును. సుబ్బారావుగారికి గూడ అదే జబ్బు తగిలెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికి బయటపడిరి. తోడబుట్టినవారు ఏ జబ్బుతో పోయిరో అదే జబ్బునుండి తాను మిగులుట అనునది మనిషిని ఊరక కూర్చుండనీయదు. ఆ దుఃఖమే ఆయనను జీవితాంతము తరిమినదని నా నమ్మకము.

ఆ జబ్బు ఎట్టిదో కొంచెము చెప్పవలెను. మన చిన్నప్రేగు లోపలి గోడ నునుపుగా ఉండదు. ముఖమల్ గుడ్డపై నూగువలె అసంఖ్యాకములైన సన్నని మొలకలుండును. తిన్న అన్నములోని సారమును పీల్చి రక్తమునకు అందించునది ఆ నూగే. అది కొద్ది దినములకొకసారి పాతది రాలి క్రొత్తది పుట్టుచుండును. స్ప్రూ జబ్బులో చిన్నప్రేగునందు ఉండదగినదానికంటె ఎక్కువగా సూక్ష్మక్రిములు చేరి నిలిచిపోవును. వాటివలన ప్రేగు గోడ వాచి, నూగు అరిగిపోవును. నూగు అరిగినచో తిన్నది ఒంటబట్టదు. విరేచనములు ఆగవు. నాలుక పుండ్లు పడును. రక్తము పలుచనగును. రోగి కంచము ముందు కూర్చుండియే ఆకలితో చచ్చినట్లు కృశించును. అయితే ఆ దినములలో దీని కారణము గాని, సరియైన మందు గాని ఏ వైద్యునికిని తెలియదు.

ఉష్ణదేశపు జబ్బులను క్షుణ్ణముగా చదువవలెనని సుబ్బారావుగారు అమెరికాకు బయలుదేరిరి. మామగారి సహాయము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటు ఆధారముగా ఓడ ఎక్కిరి. 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరము చేరిరి. భార్యను పుట్టింట విడిచి, రెండు మూడేండ్లలో తిరిగి వచ్చెదనను తలంపుతో వెడలిరి. వెడలిన తరువాత ఇచ్చట కుమారుడు జన్మించెను. తండ్రి ముఖము చూడకయే ఆ శిశువు పసితనముననే గతించెను. సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. భార్యను మరల చూడలేదు. ఊరు విడిచి వచ్చినవారమని అప్పుడప్పుడు మనము బాధపడుదుము. సిరవారనుండి రాత్రి బండి ఎక్కిన తెల్లవారుసరికి మనము సొంత ఊరి దారిలో ఉందుము. ఆయనకు ఆ భాగ్యము లేకపోయినది.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరిరి గాని, చేతిలో డబ్బు లేదు. మద్రాసు పట్టాతో అచ్చట వైద్యము చేయుటకు వీలు లేదు. ఆస్పత్రిలో రాత్రివేళ కూలిపని చేసి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగి, పగలు చదివిరి. డిప్లొమా పొందిన తరువాత అదే విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కే అను ఆచార్యునివద్ద జీవరసాయన శాస్త్రములో ప్రవేశించిరి. రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత గలదో కొలుచు పద్ధతి నొకదానిని వారిరువురు కలసి 1925లో ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అను పేర అది ప్రపంచమంతట ప్రయోగశాలలలో వాడుకలోనికి వచ్చినది. ఆ పద్ధతి సహాయముతోనే కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లోను, ఎ.టి.పి. అను పదార్థమును 1929లోను కనుగొనిరి. మనము చేయి కదపినను, రెప్ప వేసినను ఖర్చగునది ఈ ఎ.టి.పి.యే. 1930లో ఆయనకు పి.హెచ్.డి. పట్టము లభించెను. అయినను అచ్చట స్థిరమైన పదవి దొరకలేదు. తన పేరు ముందు పెట్టుకొనుటకు ఆయన ఎన్నడును తొందరపడలేదు.

భాస్వరముతో పేరు వచ్చినను ఆయన మనస్సు ఆ పాత జబ్బును విడువలేదు. రక్తము పలుచబడు జబ్బులకు పశువుల కాలేయము తినిపించిన గుణమిచ్చునని 1926లో మైనట్, మర్ఫీ అను వైద్యులు చూపిరి. అంతకు పిమ్మట లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలు మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీల రక్తహీనతకు ఈస్టునుండి తీసిన సారము పనిచేయుచున్నదని 1931లో తెలిపెను. ఇన్ని చోట్ల కనబడుచున్న ఆ గుణకారి పదార్థమేది? కాలేయమునుండి దానిని వేరుచేయుటకు సుబ్బారావుగారు ఏండ్ల తరబడి శ్రమించిరి.

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరిలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు పోయిరి. త్వరలోనే అచ్చటి పరిశోధనలన్నిటికి అధిపతియైరి. ఆయన క్రింద అనేకమంది రసాయన శాస్త్రజ్ఞులు, క్రిమి శాస్త్రజ్ఞులు పనిచేసిరి.

ఆ పదార్థము ఎంత గలదో కొలుచుటకు వారు వాడిన త్రాసు ఒక సూక్ష్మజీవి. దాని పేరు లాక్టోబాసిల్లస్ కేసియై. మన ఇండ్లలో పాలు తోడుకొనుటకు కారణమైన సూక్ష్మజీవులకు అది దగ్గర చుట్టము. ఆ పదార్థము లేనిచో అది పెరుగదు. ఎంత వేసిన అంత పెరుగును. కనుక ఆ జీవి పెరుగుదలను చూచి మందు పాలు తెలిసికొనిరి. పాలకూర ఆకులలో కూడ ఉండుటచే 1941లో దానికి ఆకు అను అర్థము గల లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని మరియొక ప్రయోగశాలవారు పేరు పెట్టిరి. 1945 నాటికి సుబ్బారావుగారి బృందము ఆ పదార్థమును ప్రయోగశాలలోనే తయారుచేయగలిగెను. బండ్ల కొలది కాలేయముతో ఇక పని లేకపోయినది. టామ్ స్పీస్ అను అమెరికను వైద్యుడు ఆ క్రొత్త మందును క్యూబా దీవిలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూచెను. నాలుక పుండ్లు మానినవి, ఆకలి పుట్టినది, రక్తము పట్టినది.

ఆ సమయముననే లెడర్లీలో వేరొక పని నడచుచున్నది. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు, డెబ్బది దాటిన వయస్సున, దేశమునందలి పలుతావుల మట్టిని తెప్పించి అందులోని సూక్ష్మజీవులను పరిశీలించుచుండెను. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టియందు బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవి 1945లో ఆయన కంటబడెను. అది విడుచు పసుపుపచ్చని పదార్థము అనేక రోగక్రిములను అణచివేయుచున్నట్లు తేలెను. దానికి ఆరియోమైసిన్ అని పేరు. 1948లో లోకమునకు వెల్లడియైన ఆ మందే టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. మాగాణి చేసికొని బ్రతుకు మనవారికి ఈ సంగతి నచ్చవలెను. వరి పండించు మట్టివంటి మట్టిలోనే మందు గూడ పుట్టినది.

ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము ఆగవలెనని ప్రార్థన. నేడు ట్రాపికల్ స్ప్రూ రోగికి వైద్యులు ఏ మందులు ఇత్తురు? నూగును మరల మొలిపించుటకు ఫోలిక్ ఆమ్లము. ప్రేగులో చేరిన క్రిములను తొలగించుటకు టెట్రాసైక్లిన్ జాతి మందు. అవసరమునుబట్టి బి–12 విటమిను. కొన్ని నెలలపాటు వీటిని వాడినచో రోగి సాధారణముగా కోలుకొనును. అన్నను, తమ్ముని ఎనిమిది దినములలో పోగొట్టుకొన్న మనిషి అధిపత్యము క్రింద, ఒకే ప్రయోగశాలలో, మూడేండ్ల వ్యవధిలో ఆ రెండు మందులును వెలువడినవి. మన దక్షిణదేశములో 1960 తరువాత పల్లెలలో ఈ జబ్బు జాడ్యముగా వ్యాపించినప్పుడు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు దానిని శ్రద్ధగా పరిశోధించిరి. సుబ్బారావుగారు అప్పటికి లేరు. ఆయన మందులు ఉన్నవి.

ఇక క్యాన్సరు సంగతి. ఫోలిక్ ఆమ్లము చేయు పని ఏమనగా, శరీరములోని ఒక కణము రెండుగా చీలునప్పుడు దానిలోని వంశలేఖకు నకలు తీయవలెను గదా, ఆ నకలుకు కావలసిన సామగ్రిని సమకూర్చుట. ప్రేగు నూగు, రక్తకణములు ఎడతెగక పుట్టుచుండునవి గనుక, ఫోలిక్ ఆమ్లము కరవైనచో ముందుగా దెబ్బతినునవి అవియే. అయితే క్యాన్సరు కణము కూడ ఎడతెగక చీలునదే. బోస్టను పిల్లల ఆస్పత్రిలోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు జాతి మందులను ఇచ్చి చూడగా, జబ్బు తగ్గుటకు బదులు పెరిగినట్లు కనబడెను. ఇది వానికి మేత అయినచో, మేత దొరకకుండ చేసిన ఏమగును? ఫోలిక్ ఆమ్లమువలె కనబడి, కణమును మోసగించి, దాని పనిని ఆపివేయు పదార్థములను సుబ్బారావుగారి బృందము తయారుచేసి ఫార్బరుకు పంపెను. వానిలో ఎమినాప్టెరిన్ అనునది ముఖ్యమైనది. పదునారుగురు పిల్లలకు ఆ మందు ఇవ్వగా పదిమందికి జబ్బు తాత్కాలికముగా వెనుకపట్టినదని 1948 జూనులో ఫార్బర్ ప్రకటించెను. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు ఏ మందును ఇట్లు పనిచేయలేదు. ఆ పిల్లలలో చాలమందికి జబ్బు మరల తిరుగబెట్టినది. అయినను మందుతో క్యాన్సరును అణచవచ్చునను దారి తెరచుకొన్నది. దాని తమ్మునివంటి మందు మెథోట్రెక్సేట్. దానితో 1956 నాటికి గర్భసంబంధమైన ఒక జాతి క్యాన్సరును పూర్తిగా నయముచేయగలిగిరి. నేటికిని పిల్లల ల్యుకేమియా చికిత్సలో అది వాడుకలో ఉన్నది.

ఫార్బరు వ్యాసము వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూసిరి. వయస్సు ఏబదిమూడేండ్లు. స్వదేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఇంకను ఒక్క ఏడు నిండలేదు. బోదకాలు జబ్బుకు ఊరూర పంచు డి.ఇ.సి. మాత్ర గూడ ఆయన అధిపత్యమున 1947లో వెలువడినదే. గోదావరి మండలమువారికి ఆ జబ్బు ఎట్టిదో వేరుగ చెప్ప నవసరము లేదు. తరువాత ఒక బూజుజాతికి ఆయన పేరు పెట్టిరి. శతజయంతి సందర్భమున 1995లో మన ప్రభుత్వము తపాలా బిళ్ళ వెలువరించెను. నోబెలు బహుమతి రాలేదు.

ఇప్పుడు మా మేనమామగారి మాట. తుంగభద్ర ఎడమ కాలువకు నీరు వచ్చిన కాలమున గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి వచ్చి ఈ రాయచూరు సీమలో క్యాంపులు వేసికొని నేలను సాగుచేసిన కుటుంబములలో మాదియు ఒకటి. మామగారు మొండి కష్టజీవి. ఆయనకు పదేండ్లకు పైగా విరేచనములతో రక్తము పడుచుండెడిది. కొన్ని నెలలు తగ్గుట, మరల వచ్చుట. వేడి చేసినదని మజ్జిగ త్రాగుట, మూలశంక అని నాటుమందు మ్రింగుట. నేను గూడ రాయచూరు తీసికొని పోయి చూపించవలెననుకొని, నాట్లు కానిమ్ము, కోతలు కానిమ్ము అని వాయిదాలు వేసితిని. తుదకు మనిషి పాలిపోయి, మెట్లు ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు చూపించితిమి. పెద్దప్రేగులో ఏండ్ల తరబడి మానని వాపు ఉన్నదని, అందులో ఒకచోట క్యాన్సరు పుట్టి కాలేయమునకు ప్రాకినదని వైద్యులు చెప్పిరి. తప్పు ఆస్పత్రిది గాదు, వైద్యునిది గాదు. మా ఇంటిది, అందులోను నాది.

మానని వాపుకును క్యాన్సరుకును సంబంధమేమి? జర్మనీ దేశపు విర్కో అను శాస్త్రజ్ఞుడు 1863లోనే, క్యాన్సరు గడ్డలలో రక్తపు తెల్లకణములు గుమిగూడి యుండుటను గమనించి, ఎడతెగని రాపిడి, వాపు గలచోట క్యాన్సరు పుట్టునేమోయని ఊహించెను. గాయము తగిలినప్పుడు వాచుట మంచిదే. క్రిములను చంపుటకు, పుండును మాన్పుటకు శరీరము చేయు ఏర్పాటు అది. పని ముగిసిన తరువాత వాపు చల్లారవలెను. చల్లారక ఏండ్ల తరబడి నిలిచినచో, క్రిములను కాల్చుటకు తెల్లకణములు విడుచు ఘాటైన పదార్థములు మన కణములలోని వంశలేఖనే దెబ్బతీయును. చచ్చిన కణముల స్థానమున క్రొత్తవి తొందర తొందరగా పుట్టవలసి యుండును. నా పనిలోనుండి పోలిక చెప్పెదను. తీరికగా ఒక్క రిజిస్టరును నకలు వ్రాయునప్పుడు తప్పులు తక్కువ. పొగ కమ్మిన షెడ్డులో, నలుగురు కేకలు వేయుచుండగా, చిరిగిన కాగితమును చూచి పదేపదే నకలు వ్రాసినచో తప్పులు తప్పవు. ఒక తప్పు నకలునుండి తీసిన నకళ్ళన్నిటిలోను అదే తప్పు ఉండును. అట్టి తప్పులు కొన్ని ఒకే కణములో కూడినప్పుడు అది అదుపు తప్పి పెరుగును. అదే క్యాన్సరు.

ఇందులో సూక్ష్మజీవుల పాత్ర గూడ ఇటీవలి కాలములో తేటపడుచున్నది. జీర్ణాశయములో నివసించు హెలికోబాక్టర్ పైలోరి అను క్రిమిని ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ 1982లో గుర్తించిరి. ఆ క్రిమియే వాపు పుట్టించునని రుజువు చేయుటకు మార్షల్ 1984లో దానిని తానే త్రాగి జబ్బు తెచ్చుకొనెను. ఆ క్రిమి ఏండ్ల తరబడి పుట్టించు వాపు కొందరిలో జీర్ణాశయపు క్యాన్సరుకు దారితీయునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1994లో తేల్చెను. 2005లో వారిరువురికి నోబెలు బహుమతి లభించెను. నోటిలో పండ్ల చిగుళ్ళవద్ద నివసించు ఫ్యూసోబాక్టీరియం అను క్రిమి పెద్దప్రేగు క్యాన్సరు గడ్డలలో ఎక్కువగా ఉన్నదని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అది మొదటి దొంగయా, తరువాత చేరిన తోడుదొంగయా అను విచారణ ఇంకను సాగుచున్నది.

సూక్ష్మజీవులన్నియు శత్రువులని భ్రమపడరాదు. మన ప్రేగులలో లెక్కకు మిక్కిలిగా ఉన్నవానిలో అధికభాగము మనకు మేలు చేయునవే. ఆకుకూరలు, పప్పులు, పొట్టు పోని ధాన్యములలోని పీచును అవి తిని, ప్రేగు గోడకు ఆహారమగు పదార్థములను తయారుచేయును. వానిలో కొన్ని ఫోలిక్ ఆమ్లమును గూడ చేసిపెట్టును. మనము సోనామసూరి పండించి, తెల్లగా మర పట్టించి తినుచున్నాము. ఈ సీమవారి జొన్నరొట్టెను, దానితో తిను ఆకుకూరను, కాళ్ళ పప్పును చిన్నచూపు చూడక, మన గోంగూర, తోటకూరలతోపాటు కంచములో చోటిచ్చినచో మన ప్రేగులకు మేలు కలుగును.

మరియొక మాట. స్ప్రూ జబ్బు క్యాన్సరుగా మారునని నేను చెప్పుట లేదు. ప్రతి కడుపునొప్పియు క్యాన్సరు గాదు. విరేచనములో రక్తము చాలమందికి మూలశంకవలననే పడును. కాని ఏది ఏదియో నిర్ణయించవలసినవాడు వైద్యుడు, మనము గాదు. మూడు వారములు దాటినను విరేచనపు అలవాటు మారియున్నను, రక్తము పడుచున్నను, కారణము లేక బరువు తగ్గినను, రక్తము పలుచనైనను వెంటనే చూపించుకొనవలెను. అల్సరేటివ్ కోలైటిస్ అను పెద్దప్రేగు వాపు ఎనిమిదేండ్లు దాటినవారు వైద్యుడు చెప్పిన గడువులలో కొలనోస్కోపీ పరీక్ష చేయించుకొనవలెను. వాపును మందులతో అణచి ఉంచినచో ముప్పు తగ్గును. క్యాన్సరు మొదటి దశలోనే దొరికినచో కోసి తీసివేసి మనిషిని నిలుపవచ్చును. మా మామగారికి ఈ మాట ఎవరైన ముందుగా చెప్పియుండవలసినది. చెప్పదగినవాడను నేనే.

సుబ్బారావుగారి మెథోట్రెక్సేట్ మందును నేడు కీళ్ళవాతమునకు గూడ ఇచ్చుచున్నారు. అది కూడ మానని వాపు జబ్బే. క్యాన్సరుకు పెద్ద మోతాదు, కీళ్ళవాతమునకు వారమున కొక్కసారి చిన్న మోతాదు. దుష్ఫలితములు తగ్గుటకు దానితోపాటు ఫోలిక్ ఆమ్లపు మాత్ర నిత్తురు. మన క్యాంపులలో పెద్దవారు కొందరు ఈ మందు వాడుచున్నారు. వారమున కొకసారి వేసికొనవలసినదానిని పొరపాటున ప్రతిదినము వేసికొన్నచో ప్రాణాపాయము. చదువు రానివారి మందుపొట్లముమీద వారము పేరు పెద్దక్షరములతో వ్రాసిపెట్టుట ఇంటిలోని పిల్లల బాధ్యత.

ఒకే మనిషి జీవితములో ప్రేగు, క్రిమి, వాపు, క్యాన్సరు అను నాలుగును ఎట్లు కలిసినవో చూచితిమి. ఆయన అన్నదమ్ములను కాపాడుకొనలేకపోయిరి. మెట్రిక్యులేషను తప్పిన పిల్లవాడు, ఖద్దరు కట్టి పట్టా పోగొట్టుకొన్న విద్యార్థి, ఆస్పత్రిలో పాత్రలు కడిగిన పరదేశి, తనకు ముఖమైన తెలియని లక్షలమంది అన్నదమ్ములను కాపాడిరి. ఆ మందులు నేడు మన సిరవార మందుల అంగడిలోను దొరకును. వాని పెట్టెమీద ఆయన పేరు ఉండదు.

ఈ ఉగాదినాడు పంచాంగశ్రవణము ముగిసిన పిమ్మట, ఇంటిలోని పెద్దవారిని ఒక్కమాట అడుగుడు. కడుపు సంగతి దాచుచున్నారేమో కనుగొనుడు. సిగ్గుపడి చెప్పనివారిచేత చెప్పించుడు. చెప్పినచో కోతలవరకు ఆగవలదు. మరునాడే బస్సు ఎక్కించుడు.

సోదర సోదరీమణులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.